107 పతకాల్లో ఏముంది? ఆసియా క్రీడల్లో భారత్ లెక్కపై చర్చ

చర్చలో పాల్గొన్నవారు: క్రీడల చరిత్రను అధ్యయనం చేసిన ఒక విశ్రాంత ఆచార్యుడు, ఒక సీనియర్ క్రీడా పాత్రికేయుడు, ఒక అథ్లెటిక్స్ శిక్షకురాలు.

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. 2023 సెప్టెంబరు 23 నుంచి అక్టోబరు 8 వరకు చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన 19వ ఆసియా క్రీడల్లో, ముగింపు రోజు లెక్క ప్రకారం, భారత్ 28 స్వర్ణాలు, 38 రజతాలు, 41 కాంస్యాలతో మొత్తం 107 పతకాలు గెలిచి నాలుగో స్థానంలో నిలిచింది. మన పతకాలు వంద దాటడం అదే మొదటిసారి. తర్వాతి క్రీడలకు జపాన్‌లోని ఐచి-నగోయా వేదిక కాబట్టి, అక్కడ ఏం ఆశించవచ్చో తెలియాలంటే ముందు ఈ 107ను విడదీసి చూడాలి. ఆచార్యులవారితో మొదలుపెడదాం. సర్, 1951 నుంచి సాగిన ప్రయాణంలో హాంగ్‌ఝౌకు మీరు ఏ స్థానం ఇస్తారు?

ఆచార్యుడు: మొత్తం పతకాల్లో దానిదే మొదటి స్థానం, అందులో సందేహం లేదు. అయితే పాత లెక్కతో పోల్చేటప్పుడు ఎన్ని స్వర్ణాలకు పోటీ జరిగిందో కూడా చూడాలి. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలకు 11 దేశాలు వచ్చాయి, 57 ఈవెంట్లు జరిగాయి. జపాన్ 24 స్వర్ణాలు గెలిస్తే మనం 15 స్వర్ణాలు, 16 రజతాలు, 20 కాంస్యాలతో రెండో స్థానంలో నిలిచాం. అంటే ప్రతి నాలుగు స్వర్ణాల్లో సుమారుగా ఒకటి మనదే. హాంగ్‌ఝౌకు 45 దేశాలు వచ్చాయి, 481 ఈవెంట్లు జరిగాయి. అక్కడ ప్రతి పదిహేడు స్వర్ణాల్లో ఒకటి మాత్రమే మనకు దక్కింది. నేటి క్రీడాకారులను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. చైనా ఈ క్రీడల్లోకి 1974లో అడుగుపెట్టింది, 1982 నుంచి పట్టికలో అగ్రస్థానాన్ని ఎవరికీ వదలలేదు. సోవియట్ యూనియన్ విడిపోయాక కజకిస్థాన్, ఉజ్బెకిస్థాన్ వంటి దేశాలు 1994 నుంచి బరిలోకి దిగాయి. కాబట్టి నేటి ఒక స్వర్ణానికి వెచ్చించవలసిన శ్రమ ఆనాటికన్నా చాలా ఎక్కువ.

వ్యాఖ్యాత: ఆ తొలి 15 స్వర్ణాలు ఏ ఆటల్లో వచ్చాయి సర్?

ఆచార్యుడు: పది అథ్లెటిక్స్‌లో, రెండు డైవింగ్‌లో, ఒక్కొక్కటి స్విమ్మింగ్, వాటర్ పోలో, ఫుట్‌బాల్‌లో వచ్చాయి. ఈ జాబితాను ఒకసారి నిదానంగా చదవమని కోరుతున్నాను. 100 మీటర్ల ఫ్రీస్టయిల్ గెలిచిన సచిన్ నాగ్‌ది ఆసియా క్రీడల్లో మన తొలి స్వర్ణం. స్విమ్మింగ్‌లో నేటికీ మనకున్న స్వర్ణం అదొక్కటే. ఒకనాడు మన చేతిలో ఉన్న ఆటలే తర్వాత జారిపోయాయి. ఫుట్‌బాల్‌నే తీసుకోండి. 1962లో జకార్తాలో ఆ జట్టును నడిపించిన కోచ్ హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన పక్కన కూర్చోబెట్టకుండా, సెమీఫైనల్లోనూ ఫైనల్లోనూ సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై మనం 2-1తో గెలిచాం, ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ చేసిందే. ఆ మరుసటి ఏడాదే రహీం కన్నుమూశారు. ఆ తర్వాత ఈ క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు. ఒక మనిషి ప్రతిభ మీద నిలబడిన విజయం ఆ మనిషితోనే వెళ్లిపోయిందంటే అప్పటి మన ఏర్పాట్లు ఎంత బలహీనంగా ఉండేవో అర్థమవుతుంది.

పాత్రికేయుడు: మాస్టారు చెప్పినదానికి 1986 సియోల్ మరో రుజువు. అక్కడ మనకు వచ్చిన స్వర్ణాలు ఐదే. వాటిలో నాలుగింట్లో పి.టి. ఉష పాత్ర ఉంది: 200 మీటర్లు, 400 మీటర్లు, 400 మీటర్ల హర్డిల్స్, 4×400 రిలే. ఐదోది రెజ్లర్ కర్తార్ సింగ్‌ది. ఒక్క అమ్మాయి దేశం మొత్తం పట్టికను మోసింది. నాలుగేళ్ల తర్వాత 1990 బీజింగ్‌లో మిగిలింది ఒకే ఒక్క స్వర్ణం, అదీ అప్పుడే తొలిసారి పతక క్రీడగా చేర్చిన కబడ్డీలో. నా దృష్టిలో హాంగ్‌ఝౌ అసలు ఘనత ఇక్కడుంది. అక్కడి 28 స్వర్ణాలు పది వేర్వేరు ఆటల్లో వచ్చాయి: షూటింగ్‌లో 7, అథ్లెటిక్స్‌లో 6, ఆర్చరీలో 5, స్క్వాష్, క్రికెట్, కబడ్డీలలో రెండేసి, హాకీ, బ్యాడ్మింటన్, టెన్నిస్, ఈక్వెస్ట్రియన్ (గుర్రపు స్వారీ)లలో ఒక్కొక్కటి. ఏ ఒక్కరు గాయపడినా పట్టిక కుప్పకూలే స్థితి ఇప్పుడు లేదు.

వ్యాఖ్యాత: అయినా మీరు ఆ 28పై కొంత అసంతృప్తితో ఉన్నారని తెలుసు.

పాత్రికేయుడు: అవునండి, ఆ మాట సూటిగానే చెబుతాను. ఆ 28 స్వర్ణాల్లో మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఉన్న ఈవెంట్లలో గెలిచినవి 12 మాత్రమే. ఆర్చరీలో వచ్చిన ఐదూ కాంపౌండ్, అంటే కొనల్లో చక్రాలు అమర్చిన విల్లు విభాగంలోవి; పారిస్‌లో రికర్వ్, అంటే కొనలు ముందుకు వంగిన విల్లు తప్ప కాంపౌండ్ లేదు. షూటింగ్ స్వర్ణాల్లో ఐదు టీమ్ ఈవెంట్లవి, అవీ అక్కడ లేవు. కబడ్డీ, క్రికెట్, స్క్వాష్ కూడా అంతే. పారిస్‌లో ఒక్క స్వర్ణం లేకుండా ఒక రజతం, ఐదు కాంస్యాలతో మనవాళ్లు తిరిగి వచ్చినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. హాంగ్‌ఝౌ పట్టికను ఈవెంట్ల వారీగా చదివి ఉంటే అంత ఆశ్చర్యం కలిగేది కాదు.

శిక్షకురాలు: మీ లెక్కతో నాకు పేచీ లేదు గానీ, దాని నుంచి మీరు తీసుకున్న నిర్ణయంతో ఏకీభవించలేను. షూటింగ్ టీమ్ ఈవెంట్లను ఒలింపిక్స్‌లో లేవన్న కారణంతో పక్కన పెట్టారు కదా, ఆ జట్లలో ఎవరున్నారో చూడండి. మహిళల 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణంలో మను భాకర్ ఉంది. పురుషుల 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ టీమ్‌లో సరబ్‌జోత్ సింగ్, 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ టీమ్‌లో స్వప్నిల్ కుసాలే ఉన్నారు. పారిస్‌లో మనకు షూటింగ్‌లో వచ్చిన మూడు కాంస్యాలూ ఈ ముగ్గురివే. హాంగ్‌ఝౌలో వీళ్లెవరికీ వ్యక్తిగత పతకం రాలేదు. పదినెలల తర్వాత ఒలింపిక్ పోడియం ఎక్కారు. పెద్ద పోటీలో, పక్కన ఇద్దరు సహచరుల స్కోరు కూడా తన గురి మీద ఆధారపడి ఉందన్న ఒత్తిడిలో గెలవడం ఒక శిక్షణే. అలాంటి స్వర్ణాన్ని ఒలింపిక్ ఈవెంట్ కాదన్న ఒక్క గీటురాయితో తీసిపారేస్తే, తర్వాత వచ్చే ఫలితం ఎక్కడి నుంచి వచ్చిందో మనకు ఎప్పటికీ తెలియదు.

పాత్రికేయుడు: ఆ ముగ్గురి విషయంలో మీ మాట ఒప్పుకోవలసిందే మేడమ్. అయినా కబడ్డీకి అది వర్తించదు.

శిక్షకురాలు: వర్తించదు, నిజమే. కాంపౌండ్ మాటకొస్తే మాత్రం మరికొంత చెప్పాలి. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌలో వ్యక్తిగత, మహిళల టీమ్, మిక్స్‌డ్ టీమ్ విభాగాల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. బరిలో దిగిన ప్రతి ఈవెంటూ గెలిచింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్‌ను చేర్చారు. క్రికెట్, స్క్వాష్ కూడా అక్కడికి వస్తున్నాయి. అంటే మీ 12 అన్న అంకె స్థిరమైనది కాదు.

వ్యాఖ్యాత: మేడమ్, అథ్లెటిక్స్ మీ రంగం. హాంగ్‌ఝౌలో అన్ని ఆటల్లోకీ ఎక్కువ పతకాలు, 29, అందులోనే వచ్చాయి. మీకు తృప్తి కలిగిందా?

శిక్షకురాలు: గర్వం కలిగింది. తృప్తి కలిగిందని మాత్రం చెప్పలేను. 29లో 6 స్వర్ణాలు, 14 రజతాలు, 9 కాంస్యాలు. 2018 జకార్తాలో అథ్లెటిక్స్ స్వర్ణాలు 7; మిక్స్‌డ్ రిలేలో గెలిచిన బహ్రెయిన్ జట్టుపై తర్వాత వేటు పడడంతో అవి 8 అయ్యాయి. పతకాల సంఖ్య పెరిగినా స్వర్ణాలు తగ్గాయన్నమాట. పద్నాలుగు సార్లు మనవాళ్లు గెలుపుకు ఒక్క అడుగు వెనక ఆగారు. ఆ తేడా ప్రతిభలో ఉందని నేను అనుకోను. ఫైనల్ రోజుకు శరీరాన్ని పదునుగా తీసుకురావడం, ఆఖరి ప్రయత్నంలో, ఆఖరి వంద మీటర్లలో నిబ్బరం కోల్పోకపోవడం నేర్పవలసిన విషయాలు. పారుల్ చౌధరి 5000 మీటర్ల ఫైనల్లో ఆఖరి మీటర్లలో జపాన్ అమ్మాయిని దాటిన తీరును నేను నా పిల్లలకు పదే పదే చూపిస్తుంటాను. ముందురోజే ఆమె అడ్డంకులు, నీటి గుంట దాటుతూ సాగే 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్ పరుగెత్తి రజతం గెలిచింది, ఆ అలసట ఒంట్లో ఉండగానే ఈ స్వర్ణం గెలిచింది.

వ్యాఖ్యాత: విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి పరుగు గురించి కూడా మీరు చెప్పాలి.

శిక్షకురాలు: తప్పకుండా చెబుతాను. 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. తుపాకీ పేలకముందే పక్క లేన్‌లోని చైనా అమ్మాయి వూ యాన్ని కదిలింది. ఆమె కదలికకు జ్యోతి కూడా ముందుకు వచ్చింది. అధికారులు ఇద్దరినీ తప్పించబోయారు. జ్యోతి అక్కడే నిలబడి తన తప్పు లేదని వాదించింది. వీడియో మళ్లీ మళ్లీ చూశాక, నిర్ణయాన్ని తర్వాతకు ఉంచి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. హర్డిల్స్ గురించి తెలిసినవాళ్లకు ఆ నిమిషాల విలువ తెలుస్తుంది. వేడెక్కిన కండరాలు చల్లబడుతుంటాయి, మొదటి హర్డిల్‌కు లెక్కపెట్టుకున్న అడుగుల లయ మనసులో చెదిరిపోతుంది, పోటీలో ఉన్నామో లేమో కూడా తెలియదు. ఆ స్థితిలో బ్లాక్స్‌లోకి తిరిగి వెళ్లి ఆ అమ్మాయి 12.91 సెకన్లలో మూడో స్థానంలో గమ్యం చేరింది. రెండో స్థానంలో వచ్చిన వూ యాన్నిపై తర్వాత వేటు పడడంతో కాంస్యం రజతమైంది. నిబంధన తెలిసి ఉండడం, దాన్ని పరాయి దేశంలో, పరాయి ప్రేక్షకుల మధ్య నిలబడి అడగగలగడం కూడా శిక్షణలో భాగమే.

ఆచార్యుడు: మన తెలుగువాళ్ల ప్రస్తావన వచ్చింది గనుక బ్యాడ్మింటన్ గురించీ ఒక మాట. 2018లో పి.వి. సింధు మహిళల సింగిల్స్‌లో రజతం గెలిచేదాకా ఆ విభాగంలో మనం ఫైనల్ చేరింది లేదు. హాంగ్‌ఝౌలో అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి, చిరాగ్ శెట్టి కలిసి పురుషుల డబుల్స్ గెలిచారు. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో మన తొలి స్వర్ణం అది. రహీం నాటి ఫుట్‌బాల్‌కూ దీనికీ ఉన్న తేడా ఏమిటంటే, ఇక్కడ ఒకరి తర్వాత ఒకరు వచ్చే వరుస తయారైంది. హైదరాబాదులోని పుల్లెల గోపీచంద్ అకాడమీ వంటి చోట పెద్దవాళ్లు ఆడుతుంటే పక్క కోర్టులో పిల్లలు చూస్తూ పెరిగారు.

వ్యాఖ్యాత: మరి ఎక్కడ వెనకబడ్డాం?

పాత్రికేయుడు: ఈసారి రెజ్లింగ్‌లో ఆరు, బాక్సింగ్‌లో ఐదు పతకాలు వచ్చినా రెండింటిలోనూ స్వర్ణం లేదు. వెయిట్‌లిఫ్టింగ్‌లో పతకమే లేదు. గాయంతో బాధపడుతూనే బరువులెత్తిన మీరాబాయి చాను నాలుగో స్థానంలో ఆగింది. అన్నిటికన్నా పెద్ద లోటు స్విమ్మింగ్. హాంగ్‌ఝౌలో అందులో 41 స్వర్ణాలు ఉంటే చైనా ఒక్కటే 28 గెలుచుకుంది. మనం అన్ని ఆటల్లో కలిపి గెలిచిన స్వర్ణాలు కూడా అన్నే. మనకు ఈతలో ఒక్క పతకం లేదు. పట్టికలో మనకన్నా పైనున్న చైనా, జపాన్, దక్షిణ కొరియా మూడూ ఈతలో బలమైన దేశాలు కావడం కాకతాళీయం కాదు. నాలుగు నుంచి మూడుకు రావాలంటే దారి కొలను గుండానే ఉంది.

వ్యాఖ్యాత: చివరిగా మేడమ్, నగోయాలో మీరు ముందుగా దేన్ని గమనిస్తారు?

శిక్షకురాలు: ఆయన చెప్పిన కొలను దగ్గరే మొదలుపెడతాను. 1986లో ఖజాన్ సింగ్ రజతం తర్వాత ఈతలో మనకు పతకం రావడానికి 2010 దాకా, వీర్‌ధవల్ ఖాడే కాంస్యం దాకా పట్టింది. 2014లో సందీప్ సేజ్వాల్ మరో కాంస్యం తెచ్చాడు, ఆ తర్వాతి రెండు క్రీడల్లోనూ ఖాళీ చేతులే. అందుకే పతకాల పట్టిక కన్నా ముందు ఉదయం హీట్స్, అంటే తొలి దశ పోటీల ఫలితాలు తీసి, సాయంత్రం ఫైనల్ ఎనిమిది లేన్లలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో, వాళ్ల వయసు ఎంతో, తమ సొంత అత్యుత్తమ సమయాన్ని ఆ రోజే మెరుగుపరచుకున్నారో లేదో చూస్తాను. పద్దెనిమిదేళ్ల పిల్లలు నలుగురైదుగురు ఫైనల్స్‌లో కనిపిస్తే, పతకం రాకపోయినా సరే, వాళ్లను నాలుగేళ్లపాటు వదలకుండా చూసుకోవాలని ఇదే స్టూడియోలో కూర్చుని గట్టిగా అడుగుతాను.