పాత యుకెలేలే లోపలి పుల్లలు

అందరికీ నమస్కారం. యుకెలేలే అంటే చిన్న గిటార్‌లా ఉండే నాలుగు తీగల వాద్యం. దాన్ని ఎలా వాయించాలో ఈ పూట చెప్పను. దాని లోపల, పలకకి బలంగా అతికించిన పుల్లల (పట్టీల) గురించే నా మాటలన్నీ.

1879 ఆగస్టులో రావెన్‌స్క్రాగ్ అనే ఓడ పోర్చుగల్‌కి చెందిన మదీరా ద్వీపం నుంచి హవాయిలోని హోనలూలూ చేరింది. చెరుకు తోటల్లో పనికి వచ్చిన ఆ పోర్చుగీసువాళ్లలో మాన్యుయెల్ నూనెస్, అగస్టో డియాస్, జోసె దు ఎస్పిరితు సాంతు అనే ముగ్గురు వడ్రంగులున్నారు. తమ ద్వీపంలోని మషేట్ అనే నాలుగు తీగల చిన్న వాద్యాన్ని వాళ్లు హవాయిలో దొరికే కోవా కర్రతో చేయడం మొదలుపెట్టారు. యుకెలేలే అలా పుట్టింది.

పాత సొప్రానో (చిన్న సైజు) యుకెలేలే సౌండ్ హోల్‌లోకి, అంటే పై పలకలోని గుండ్రటి రంధ్రంలోకి, చిన్న అద్దం పెట్టి చూడండి. పై పలక మందం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. హోల్‌కి పైన ఒకటి, కింద ఒకటి సన్నని అడ్డపట్టీలు, బ్రిడ్జి (పలక మీద తీగల కింది కొసలు బిగించే ముక్క) కింద పల్చటి చెక్కముక్క, సాధారణంగా అంతే. గిటార్‌లో ఎక్స్ ఆకారపు బ్రేసింగ్ (లోపలి పట్టీల అమరిక) చూసినవాళ్లకి ఇది సగంలో వదిలేసిన పనిలా అనిపిస్తుంది. స్టీలు తీగల గిటార్‌లో దాదాపు 70 కిలోల లాగుడు ఉంటుంది కాబట్టి అక్కడ అంత బలం కావాలి. ఆనాటి యుకెలేలేకి వేసినవి పేగు తీగలు. వాటి లాగుడు అందులో చిన్న వాటాయే. కింది పట్టీకి దిగువన పలక దాదాపు స్వేచ్ఛగా అదురుతుంది. యుకెలేలే గలగల అక్కడి నుంచే వస్తుంది.

అమెరికాలో గిటార్లు చేసే మార్టిన్ కంపెనీ 1907లో యుకెలేలేలు చేసి చూసింది. స్ప్రూస్ కర్ర పలక, గిటార్‌కి వేసినట్టు బరువైన పట్టీలు. మోత మూగబోయింది, ఎవరికీ నచ్చలేదు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎక్స్‌పోజిషన్ అనే పెద్ద ప్రదర్శనతో హవాయి సంగీతం మోజు దేశమంతా పాకాక మళ్లీ మొదలుపెట్టి, మహోగనీ కర్రతో తేలిగ్గా కట్టారు. ఆ పాత మార్టిన్‌ల కోసం ఇప్పటికీ పోటీ పడి కొంటారు.

రిపేరు చేసేవాళ్లతో నా గొడవ కూడా ఇదే. పలక కాస్త ఉబ్బిందని మరో లావుపాటి పట్టీ అతికించేస్తారు. వాద్యం గట్టిపడుతుంది, గొంతు పోతుంది. చాలాసార్లు జరిగింది పాత పట్టీ ఒక కొస ఊడటమే. గోటితో తట్టితే గరగరమంటుంది. అప్పట్లో వాడింది జంతువుల తోలుతో కాచిన బంక. వేడికీ తేమకీ మెత్తబడుతుంది కాబట్టి కర్ర చెడకుండా విప్పి, అదే పట్టీని అదే బంకతో తిరిగి అతికించవచ్చు.

కొనేముందు తీగలు కూడా చూడండి. ఎవరైనా స్టీలు తీగలు బిగించి ఉంటే బ్రిడ్జి లేచిందేమో, దాని ముందు పలక కుంగిందేమో వేలితో తడిమి, ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి.