కోతల సీజన్‌లో ఎర్రబడ్డ కన్ను

అందరికీ నమస్కారం. మెడికల్ షాపుల వాళ్ళు, ఆర్‌ఎంపీలు, ఆశా అక్కలు, బయట కోత మిషన్లు తిరుగుతున్న టైమ్‌లో ఇంతమంది వచ్చారు కాబట్టి సోది లేకుండా చెప్పేస్తా.

నల్లగుడ్డు మీద అద్దం లాంటి పొర ఉంటుంది కదా, అదే కార్నియా, మందం అర మిల్లీమీటరు పైచిలుకు అంతే. దానికి రక్తనాళాలు ఉండవు, అందుకే అంత క్లియర్‌గా ఉంటుంది, పుండు పడితే మానడానికి వారాలు పట్టేదీ కొంత అందుకే. మానాక మిగిలే తెల్లమచ్చనే మన ఊళ్ళల్లో కంట్లో పువ్వు అంటారు, పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి.

ఇప్పుడు అసలు సంగతి. వరి ఆకు గీసుకుని, వడ్ల పొట్టు పడి వచ్చే పుండు చాలాసార్లు ఫంగస్‌ది. పోయిన కోతలప్పుడు ఒక పెద్దాయన వచ్చి జేబులోంచి మూడు సీసాలు తీశాడు, మూడిట్లోనూ స్టెరాయిడే! మొదటి రెండ్రోజులు ఎరుపు తగ్గిందట, నొప్పీ తగ్గిందట, చుక్కలిచ్చినాయన చెయ్యి మంచిదనుకున్నాడు. స్టెరాయిడ్ వాపుని తగ్గిస్తుంది గానీ ఫంగస్‌ని చంపదు, ఒంట్లో దాంతో కొట్లాడే కణాల్ని పడుకోబెడుతుంది, లోపల అది హాయిగా పాకుతుంది. కొన్ని బ్రాండ్ల పేరు చివర 'డి' అని ఉంటుంది చూడండి, అది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. ఆ ఒక్క అక్షరం చూసి ఇవ్వండి బాబూ.

మరి ఏం చెయ్యాలి? పుండు అంచు గీకి, స్లైడ్ మీద 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడితే ఫంగస్ దారాల్లాగా కనబడుతుంది, నిమిషాల పని. అదే అని తేలితే ఫంగస్‌ని చంపే చుక్కలు, నాటమైసిన్ 5 శాతం, మొదట్లో గంటకోసారి. 2013లో వచ్చిన ట్రయల్, మన పక్కనే అరవింద్ కంటి ఆస్పత్రుల్లో 323 మంది మీద చేసింది, కొత్త మందు వొరికొనజోల్ కన్నా ఈ పాతదే మెరుగని తేలింది, ఫ్యుసేరియం ఫంగస్‌కైతే మరీ. కానీ సీసా ఊపకపోతే మందంతా అడుగున తెల్లగా పేరుకుని ఉంటుంది, పైన నీళ్ళే కంట్లో పడతాయి, ఇది పేషెంటుకి మీరే ఊపి చూపించాలి. నొప్పికి అట్రోపిన్ లాంటివి ఇస్తే చూపు మసకవుతుంది, ఆ ముక్క ముందే చెప్పకపోతే భయపడి అన్నీ ఆపేస్తారు.

బాక్టీరియా అయితే మాక్సిఫ్లాక్సాసిన్ లాంటివి, హెర్పిస్ వైరస్ అయితే అసైక్లోవిర్, అవి వేరే కథ. నాలుకతో నలుసు తీయించడం, చనుబాలు, ఆకుపసర్లు, కట్టు కట్టడం... ఇవేవీ వద్దని ఆశా అక్కలకి నేను చెప్పేదేముంది, రోజూ చూస్తున్నారు.

సరే, ఆ లైటు ఆపండి. ఈ ఫ్లోరసీన్ స్ట్రిప్, అంటే రంగు అద్దిన కాగితం ముక్క, తడిపి కంట్లో అద్ది నీలం లైటు వేస్తే గీత పడ్డచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. ఎవరొస్తారు ముందుకి?