పచ్చళ్ల సైట్‌కి ఏది మేలు? జెకిల్, హ్యూగో, ఎలెవెంటీ, ఆస్ట్రో

అందరికీ నమస్తే. ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లిలో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆంటీ ఒకావిడ వెబ్‌సైట్ కావాలన్నారు. ఆవకాయ, గోంగూర, మాగాయ, అన్నీ కలిపినా చిన్న సైటే. ఆర్డర్లకి వాట్సాప్ లింక్ చాలు. దీనికి డేటాబేస్ ఎందుకు చెప్పండి? మార్క్‌డౌన్ ఫైళ్లని (మామూలు టెక్స్ట్‌లా రాసుకునేవి) ముందే హెచ్‌టీఎంఎల్ పేజీలు చేసి పెట్టే స్టాటిక్ సైట్ జనరేటర్ సరిపోతుంది. అలాంటివే ఈ జెకిల్, హ్యూగో, ఎలెవెంటీ, ఆస్ట్రో. అదే సైట్‌ని నాలుగింటిలో కట్టి చూశాను.

ముందే చెప్తున్నా, స్పీడ్ టెస్టులు లేవు. ఇంత చిన్న సైట్ దేంట్లోనైనా చూస్తుండగానే బిల్డ్ (ఫైళ్ల నుంచి పేజీలు తయారవడం) అయిపోతుంది. నేను చూసేది వేరు. ఏడాది తర్వాత ఆంటీ ఫోన్ చేసి "బాబూ, మాగాయ రేటు మార్చాలి" అంటే అప్పటికప్పుడు మార్చగలనా, లేక సాయంత్రమంతా అప్‌డేట్లతో కుస్తీ పట్టాలా?

జెకిల్ 2008 నాటిది, రూబీలో రాసింది. గిట్‌హబ్ వాళ్ల హోస్టింగ్ సేవ గిట్‌హబ్ పేజెస్‌లో దానంతటదే బిల్డ్ అవుతుంది. బ్రౌజర్‌లోనే ఫైల్ తెరిచి అంకె మార్చి సేవ్ కొడితే పని అయిపోయింది. సొంత బ్లాగ్‌కైతే ఇప్పటికీ బ్రహ్మాండం. కానీ ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి గిట్‌హబ్ పేజెస్ వాడకూడదని వాళ్ల షరతుల్లోనే ఉంది. పచ్చళ్లకి ఆ దారి మూసుకుపోయింది. వేరేచోట పెట్టి రూబీ, దాని లైబ్రరీలని సర్దే బండ్లర్ చూసుకుంటూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

హ్యూగో 2013లో వచ్చింది, గో భాషలో. ఇప్పటికీ వెర్షన్ సున్నాతోనే మొదలవుతుంది, అదో తమాషా! దీని బలమంతా ఒక్క ఫైల్‌లో ఉంది, ప్రోగ్రామ్ మొత్తం అదే. నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) అక్కర్లేదు, రూబీ అక్కర్లేదు. ఏ వెర్షన్‌తో కట్టానో ఆ ఫైల్‌ని దాచుకుంటే చాలు, రెండేళ్ల తర్వాత కూడా అదే సైట్ అలాగే వస్తుంది. తెలుగు, ఇంగ్లీషు రెండు భాషల సైట్‌కి ప్లగిన్ కూడా వద్దు.

టెంప్లేట్లు (పేజీ ఎలా కనిపించాలో రాసే ఫైళ్లు) మాత్రం విసిగిస్తాయి. జాబితాలోని ఐటెమ్‌లని ఒక్కొక్కటిగా తీసే రేంజ్ లూప్ లోపలికి వెళ్లగానే డాట్ (.) అర్థం మారిపోతుంది. అప్పటిదాకా పేజీ అన్న డాట్, అక్కడినుంచి లూప్‌లోని ఐటెమ్ అవుతుంది. బయటి పేజీ కావాలంటే డాలర్ గుర్తు పెట్టాలి. ఇది తెలిసేదాకా జుట్టు పీక్కోవాల్సిందే.

ఇంకోటి, మనవాళ్లకి ముఖ్యం. పోస్ట్‌లో తేదీతో పాటు ఉదయం తొమ్మిది అని రాసి టైమ్‌జోన్ వదిలేస్తే, హ్యూగో దాన్ని యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. అంటే మనకి మధ్యాహ్నం రెండున్నర. అప్పటిదాకా అది భవిష్యత్తు తేదీ కాబట్టి పేజీని బిల్డ్‌లో వదిలేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. కాన్ఫిగ్‌లో (సైట్ సెట్టింగ్స్ ఫైల్) టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా అని పెట్టేయండి.

ఆస్ట్రోలో రాయడం హాయిగా ఉంది, ఒప్పుకోవాలి. కంటెంట్ కలెక్షన్‌లో (ఒకే రకం ఫైళ్ల గుంపు) ధర తప్పనిసరి అని పెట్టాను. ఒక ఫైల్‌లో ధర తీసేసి చూస్తే, ఏ ఫైల్‌లో ఏం లేదో చెప్పి బిల్డ్ ఆపేసింది. అడిగితే తప్ప జావాస్క్రిప్ట్ పంపదు కూడా. కానీ 2022లో వెర్షన్ 1.0, 2024 డిసెంబర్‌కల్లా 5.0! రోజూ అందులోనే పనిచేసేవాళ్లకి పర్వాలేదు. ఏడాదికోసారి తెరిచే సైట్‌కి ఆ పరుగు నాకు టెన్షన్.

ఎలెవెంటీ మర్యాదస్తుడు. నన్‌జక్స్, లిక్విడ్, మీకు వచ్చిన టెంప్లేట్ భాషలో రాసుకోమంటుంది. ఇది నోడ్ మీదే నడుస్తుంది కాబట్టి, అది అలవాటున్నవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

ఏది తీసుకున్నా థీమ్ సీఎస్ఎస్‌లో (పేజీ రూపురేఖల ఫైల్) లైన్ హైట్, అంటే వరుసల మధ్య ఎడం, ఒకసారి చూడండి. ఇంగ్లీషు అక్షరాలకి కుదిరిన 1.4 దగ్గర మన వత్తులు కింది వరుస గుడిదీర్ఘాలకి తగులుతాయి. 1.8 పెడితే హాయిగా చదవొచ్చు.

నేను హ్యూగోకే వెళ్లాను. ఇలాంటిదే ఇంకో జనరేటర్ గ్యాట్స్‌బీ ఏది అని అడుగుతారని తెలుసు. 2023లో నెట్లిఫై అనే వెబ్ హోస్టింగ్ కంపెనీ దాన్ని కొన్నాక పని బాగా నెమ్మదించింది. ఉన్న సైట్ నడుస్తుంటే నడవనివ్వండి, కొత్తది మాత్రం అందులో మొదలుపెట్టకండి.