ఎగిరే పిట్టకు ఫోకస్ ఎందుకు దొరకదు?

యాంకర్: శ్రోతలకు నమస్కారం. చలికాలం మొదలైతే వరంగల్ చుట్టుపక్కల వడ్డేపల్లి చెరువు కట్ట మీద, ధర్మసాగర్ దగ్గర, పాకాలలో వాకింగ్ చేసేవాళ్లతో పాటు కెమెరాలు మెడలో వేసుకున్నవాళ్లూ కనిపిస్తారు. వాళ్లందరిదీ ఒకటే గోల: కూర్చున్న పిట్ట బాగా వస్తుంది, ఎగిరితే మసక. ఈ రోజు పక్షుల ఫొటోగ్రాఫర్ ఒకరు మన స్టూడియోలో ఉన్నారు. సార్, అప్పుడే లైన్లు నిండిపోయాయి. నర్సంపేట నుంచి మొదటి కాల్.

నర్సంపేట శ్రోత: సార్, నమస్తే. నాది క్రాప్ సెన్సర్ కెమెరా, అంటే చిన్న సెన్సర్‌ది, 150-600 ఎంఎం జూమ్ లెన్స్. పొద్దుగాల పాకాలకు పోతా. తెల్లకొంగ లేవగానే ఫొటో కొడతా. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ఒక్కటీ పనికిరాదు. లెన్స్ సర్వీసుకు పంపాలా?

ఫొటోగ్రాఫర్: ఆగు తమ్మీ, అప్పుడే లెన్స్‌ను హైదరాబాద్ బస్సెక్కించకు. కూర్చున్న కొంగ ఎట్లా వస్తుంది?

శ్రోత: ఈకలు లెక్కపెట్టొచ్చు సార్.

ఫొటోగ్రాఫర్: అయితే లెన్స్‌కు ఏం కాలేదు. ఎగిరే ఫొటో ఒకటి పెద్దది చేసి చూడు. కొంగ మసకగా ఉండి వెనక తుంగ స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పినట్టు. ఫొటో మొత్తం రెండు రెండుగా కనిపిస్తే నీ చెయ్యి కదిలినట్టు.

శ్రోత: రెండూ కాదు సార్. కొంగ ఒంటి మీద అడ్డంగా సాగదీసినట్టుంది, రెక్కలైతే అసలే లేవు.

ఫొటోగ్రాఫర్: షట్టర్ స్పీడ్, అంటే ఫొటోకు షట్టర్ తెరుచుకుని ఉండే సమయం, ఎంత పెట్టినవ్?

శ్రోత: 1/500.

ఫొటోగ్రాఫర్: దొరికింది. మసక ఫొటో కనబడగానే అందరూ ఫోకస్‌నే తిడతారు. ఇది ఫోకస్ తప్పు కాదు. పిట్ట గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకో, అంటే సెకనుకు 10 మీటర్లు. సెకనులో 500వ వంతులో అది 2 సెంటీమీటర్లు జరిగిపోతుంది. రెక్కల కొసలు ఇంకా ఎక్కువ. 1/2000 పెడితే అర సెంటీమీటరే. కొంగలు నిదానం, వాటికి 1/1600 సరిపోతుంది. పాలపిట్ట, లకుముకి పిట్ట అయితే 1/3200 దాకా పోవాల్సిందే.

శ్రోత: పొద్దున అంత స్పీడ్ పెడితే ఫొటో చీకటైపోతది కదా సార్.

ఫొటోగ్రాఫర్: ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురును పెంచి చూపే సెట్టింగ్, ఆటోలో పెట్టి పై హద్దు 6400 ఇవ్వు. నాయిస్, అంటే ఫొటోలో చుక్కలు చుక్కలుగా గరుకు, వస్తే రానీ. నాయిస్‌ను కంప్యూటర్లో తగ్గించుకోవచ్చు, సాగిపోయిన కొంగను సరిచేయడం కష్టం. ఇంకో మాట, వెనక చెట్ల నీడ నల్లగా ఉంటే ఎక్స్‌పోజర్, అంటే ఫొటో వెలుగు, కాస్త మైనస్‌లో పెట్టు, లేకపోతే కొంగ తెలుపులో ఈకలే కనిపించవు. ఫోకస్ మోడ్ ఏది?

శ్రోత: వన్ షాట్.

ఫొటోగ్రాఫర్: అదీ మార్చాలి. వన్ షాట్ ఒకసారి దూరం చూసుకుని ఆగిపోతుంది, పిట్ట ఆగదు. కెనాన్‌లో సర్వో, నికాన్, సోనీలలో ఏఎఫ్-సి పెట్టుకో. అప్పుడు బటన్ నొక్కి ఉన్నంతసేపు కెమెరా దూరం చూస్తూనే ఉంటుంది. ఎందుకు చెప్తున్నానంటే, నీ క్రాప్ సెన్సర్ మీద 400 ఎంఎం జూమ్‌లో, లెన్స్ రంధ్రం ఎఫ్ 5.6 దగ్గర, పిట్ట 10 మీటర్ల దూరంలో ఉంటే ముందు వెనకలుగా స్పష్టంగా వచ్చే మందం 13 సెంటీమీటర్లే.

యాంకర్: జానెడు కూడా లేదు!

ఫొటోగ్రాఫర్: లేదమ్మా. అడ్డంగా పోయే పిట్ట కొంత నయం. మన మీదికి వచ్చే పిట్ట ఆ కాస్త మందాన్ని రెప్పపాటులోపే దాటేస్తుంది.

యాంకర్: హనుమకొండ నుంచి ఒక విద్యార్థిని లైన్లో ఉన్నారు.

హనుమకొండ శ్రోత: సార్, నాది కొత్త మిర్రర్‌లెస్, లోపల అద్దం లేని కెమెరా. పక్షి కన్నును అదే గుర్తుపడుతుందని కొన్నాం. పాలపిట్ట తీగ మీది నుంచి లేస్తే మాత్రం ఫోకస్ వెనక చెట్లలోకి పోతోంది. రెక్కలు విప్పిన ఫొటో ఒక్కటన్నా కావాలి. ఆ నీలం అంతా రెక్కల్లోనే ఉంది కదా.

ఫొటోగ్రాఫర్: అవును బిడ్డా, కూర్చుంటే మామూలు గోధుమరంగు పిట్టే, లేస్తేనే అందం. నువ్వు దాని వెంట పడకు. పాలపిట్ట పురుగు కోసం కిందికి దూకి, చాలాసార్లు మళ్లీ అదే తీగకు, అదే చోటుకు వస్తుంది. అది కూర్చున్నప్పుడే కంటి మీద ఫోకస్ చేసి పెట్టుకో. ఫ్రేమ్‌లో దానికి ఓ పక్క ఖాళీ వదులు. ఏ పక్క అంటే గాలి ఎటు నుంచి వీస్తుందో ఆ పక్క. పిట్టలు ఎక్కువగా గాలికి ఎదురుగానే లేస్తాయి, ఎదురుగానే దిగుతాయి. గాలి నీ వీపుకు తగిలేట్టు నిలబడితే పిట్ట ముఖం నీ వైపే ఉంటుంది. ఎప్పుడు లేస్తుందో కూడా కాస్త ముందు తెలుస్తుంది. ముందుకు వంగుతుంది, చాలా పిట్టలు రెట్ట వేసి మరీ లేస్తాయి.

యాంకర్: (నవ్వుతూ) అది చూసి బటన్ నొక్కాలన్నమాట!

ఫొటోగ్రాఫర్: నవ్వకమ్మా, పనికొచ్చే ముచ్చటే. ఇక కన్ను గుర్తుపట్టడం అంటావా, ఫ్రేమ్‌లో పిట్ట మరీ చిన్నగా ఉంటే ఏ కెమెరా అయినా తికమక పడుతుంది. దూరంలో ఉన్నప్పుడే పట్టుకుని, దగ్గరికి వచ్చేదాకా దాంతో పాటు లెన్స్ తిప్పు. మెనూలో ట్రాకింగ్ సెన్సిటివిటీ, అంటే ఫోకస్ ఎంత త్వరగా వేరేదాని మీదికి మారాలో చెప్పే సెట్టింగ్, ఉంటే తగ్గించు. అప్పుడు మధ్యలో కొమ్మ అడ్డం వచ్చినా ఫోకస్ వెంటనే దాని మీదికి దూకదు. లెన్స్ మీద ఫోకస్ లిమిట్ స్విచ్ ఉంటే దగ్గరి దూరాలను కట్ చేయి, లెన్స్ ఆ చివర నుంచి ఈ చివరకు వెతుక్కోదు. ప్రాక్టీసుకు మాత్రం పాలపిట్ట వద్దు. చెరువు మీద నలుపు తెలుపు లకుముకి పిట్ట నీళ్లపైన గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ ఆగుతుంది చూశావా, దాంతో మొదలుపెట్టు.

యాంకర్: మంచిర్యాల నుంచి ఒక పెద్దాయన.

మంచిర్యాల శ్రోత: తమ్మీ, నాకు కెమెరా లేదు. ఫోన్‌తో ఎగిరే పిట్ట వస్తదా?

ఫొటోగ్రాఫర్: ఒంటరి పిట్ట కష్టం పెద్దన్నా. జూమ్ చేసినకొద్దీ పాడవుతుంది. జూమ్ వదిలేసి, పొద్దుగూకేటప్పుడు గూళ్లకు పోయే గుంపును ఆకాశంతో కలిపి తీయండి. అది ఫోన్‌లోనూ బాగుంటుంది.

యాంకర్: చివరి కాల్, కరీంనగర్.

కరీంనగర్ శ్రోత: సార్, లోయర్ మానేరు డ్యామ్ దగ్గర తీస్తుంటాం. దోస్తులు చప్పట్లు కొట్టి పిట్టలను లేపుతారు, నేను కొడతా. 1/4000 పెట్టినా, ఏఎఫ్-సి పెట్టినా మసకే.

ఫొటోగ్రాఫర్: ముందు ఆ చప్పట్లు బంద్ చేయించు. బెదిరిన పిట్ట మీకు దూరంగానే పోతుంది, ఫొటోలో తోకలు తప్ప ముఖాలు రావు. తిండి వెతుక్కునే దాన్ని ఊరికే లేపడం నాకు నచ్చదు కూడా. సరే, మీరు ఎన్ని గంటలకు పోతారు?

శ్రోత: తిని పోతాం సార్, పన్నెండు దాటుతది.

ఫొటోగ్రాఫర్: పిట్టలు ఎంత దూరంలో ఉంటాయి?

శ్రోత: వంద మీటర్లు, ఇంకా పైనే.

ఫొటోగ్రాఫర్: ఎండకు వేడెక్కిన బండల మీద గాలి అలలు అలలుగా ఆడుతుంటుంది. మీ లెన్స్ ఆ గాలిలోంచే చూస్తోంది. పిట్ట కదలకుండా కూర్చున్నా అంచులు వంకరపోతాయి, కావాలంటే రేపు కూర్చున్నదాన్ని తీసి చూడు. దానికి ఏ కెమెరాలోనూ సెట్టింగ్ లేదు. దూరం తగ్గాలి, లేదా వేళ మారాలి.

శ్రోత: అంటే తెల్లారేసరికి డ్యామ్ దగ్గర ఉండాలంటారా?

ఫొటోగ్రాఫర్: ఉండాలి. చప్పట్లు కొట్టే దోస్తులు ఆ టైముకు ఎట్లాగూ లేవరు.