డేటా సెంటర్ ట్రైనింగ్‌కి డబ్బులు పెట్టొచ్చా? చేసొచ్చాక నా రివ్యూ

హాయ్ అందరికీ. "అన్నా, డేటా సెంటర్ కోర్సంట, వారంలో అయిపోతుందంట, చేరమంటావా" అని తెగ మెసేజ్‌లు పెడుతున్నారు కదా, డిజైన్, ఆపరేషన్స్ రెండూ కలిపి చెప్పే ట్రైనింగ్ ఒకటి మాదాపూర్‌లో నేనే చేసొచ్చాను. సంస్థ పేరు మాత్రం చెప్పను, తిట్టాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి.

అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సు చేసి, ఇది దాని తర్వాతి మెట్టు అనుకుని వచ్చినవాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు. పాపం, మొదటిరోజు లంచ్‌కే మొహాలు వాడిపోయాయి. ఇక్కడ సర్వర్‌లో లాగిన్ అయ్యే పనే లేదు, ఆ సర్వర్‌కి కరెంటు, చల్లదనం ఆగకుండా ఎలా అందించాలన్నదే మొత్తం సబ్జెక్టు. ట్రాన్స్‌ఫార్మర్, డీజిల్ జనరేటర్, యూపీఎస్, బ్యాటరీలు, చిల్లర్ (గదుల్ని చల్లబరచడానికి నీళ్లని చల్లగా చేసే యంత్రం), ఫైర్ సిస్టమ్. ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లూ, ఏదో ఒక టెక్ పార్కులో ఫెసిలిటీస్ చూసుకునేవాళ్లూ అయితే కళ్లు మూసుకుని చేరొచ్చు.

డిజైన్ భాగం అదరగొట్టారు. డేటా సెంటర్ ఎంత నమ్మకంగా నడుస్తుందో చెప్పే గ్రేడుల్ని టియర్ అంటారు. టియర్ త్రీ అంటే 99.982 శాతం సమయం ఆగకుండా నడవడం అని మనమంతా బట్టీ పట్టి ఉంటాం కదా, ట్రైనర్ ముందు దాన్ని పక్కన పెట్టించాడు. ఏ పరికరాన్నైనా సర్వీసింగ్ కోసం ఆపినా సర్వర్లు నడుస్తూనే ఉండాలి, అది టియర్ త్రీ. మనం ఆపడం కాదు, దానంతటదే పాడైనా నడవాలి, అది టియర్ ఫోర్. ఇంతే.

తర్వాత సింగిల్ లైన్ డయాగ్రమ్, అంటే కరెంటు వచ్చే దారిని గీతల్లో చూపే బొమ్మ, ఒకటి చేతికిచ్చి తప్పు పట్టుకోమన్నాడు. అవే సర్వర్లకి A, B అని రెండు కరెంటు దారులు (ఫీడ్‌లు). A ఫీడ్‌కి 100 కిలోవాట్ల యూపీఎస్, B ఫీడ్‌కి ఇంకో 100, ఒక్కోదాని మీద లోడ్ 70. అందరూ బాగానే ఉంది, ఇంకా 30 మిగిలిందిగా అన్నారు. A పోయిందనుకోండి, మొత్తం 140 B మీద పడుతుంది, కాసేపు మోసి అదీ చేతులెత్తేస్తుంది. రెండు పెట్టినందుకు లాభమేంటి మరి? ఒక్కోదాన్ని సగం కన్నా తక్కువలోనే ఉంచాలి. ఇది స్లైడ్‌లో చూస్తే మర్చిపోయేవాణ్ణి, కాగితం మీద పెన్ను పెట్టి లెక్కేశాక ఇప్పుడు ఏ ప్యానెల్ కనబడినా ముందు మీటర్ వైపే చూస్తున్నా.

ఇంకోటి, చిల్లర్ సైజు. ఈ టియర్ గ్రేడుల్ని పెట్టిన అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ప్రమాణం సగటు ఎండకి కాదు, 20 ఏళ్లకోసారి వచ్చే గరిష్ఠ ఉష్ణోగ్రతకి డిజైన్ చేయమంటుంది. మన హైదరాబాద్ మే నెల, టెర్రస్ మీద వరసగా వేడిని బయటికి వదిలే కండెన్సర్లు, ఒకదాని వేడిగాలి ఇంకోటి పీల్చుకోవడం, ఊహించుకోండి. దీని మీద ఒక పూటంతా చర్చ నడిచింది, డబ్బులకి న్యాయం అంటే అదీ.

ఇక ఆపరేషన్స్ దగ్గరకొస్తే నాకు ఒళ్లు మండింది. యూపీఎస్‌ని బైపాస్‌లోకి (కరెంటు దాన్ని దాటి నేరుగా లోడ్‌కి వెళ్లేలా) మార్చేటప్పుడు ఏ బ్రేకర్ ముందు, ఏది తర్వాత, ఎవరు చదువుతారు, ఎవరు నొక్కుతారు, మధ్యలో తేడా కొడితే ఎక్కడిదాకా వెనక్కి రావాలి, ఇవన్నీ రాసుకునే కాగితాన్ని ఎంఓపీ (మెథడ్ ఆఫ్ ప్రొసీజర్) అంటారు. నైట్ షిఫ్ట్‌లో ఉద్యోగం నిలబెట్టేది అదే. దాన్ని రెండు స్లైడ్లలో లాగించేశారు! ఒక్క ఎంఓపీ కూడా మాతో రాయించలేదు. బ్రోషర్‌లో గొప్పగా వేసిన సైట్ విజిట్ "సెక్యూరిటీ పర్మిషన్ రాలేదు" అని ఎగ్గొట్టారు. పర్మిషన్ కష్టమే, ఒప్పుకుంటా, కానీ ఆ సంగతి ఫీజు కట్టించుకునే ముందు తెలీదా?

సర్టిఫికెట్ల సంగతి. డేటా సెంటర్ సర్టిఫికెట్లు ఇచ్చే ఈపీఐ అనే సంస్థ వాళ్ల సీడీసీపీ (సర్టిఫైడ్ డేటా సెంటర్ ప్రొఫెషనల్) మొదటి మెట్టు, ఆ తర్వాతే సీడీసీఎస్ (స్పెషలిస్ట్). అప్‌టైమ్ వాళ్ల ఏటీడీ (అక్రెడిటెడ్ టియర్ డిజైనర్) డిజైన్ ఇంజనీర్లకి. ఫ్రెషర్స్, ఏటీడీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. 2022 నవంబర్‌లో అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల గుంపు) మొదలైంది, సిటీ బయట చందనవెల్లి వైపు డేటా సెంటర్ షెడ్లు లేస్తున్నాయి, ఉద్యోగాలున్న మాట నిజమే, కాకపోతే ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ముందు "జనరేటర్ స్టార్ట్ అవ్వలేదు, ఏం చేస్తావ్" అనే అడుగుతారు.

డిజైన్‌కి పదికి ఎనిమిది, ఆపరేషన్స్‌కి మూడు. చేరేవాళ్లు ట్రైనర్ సొంతంగా ఏ సైట్ నడిపాడో, ఎంఓపీ రాయిస్తారో లేదో ఫోన్‌లో కాదు, మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి, ఆ తర్వాతే అడ్వాన్స్ కట్టండి.