కాలు ఎప్పుడు దించాలి: ట్రయల్స్‌కు కొత్తగా వచ్చిన రైడర్ల ముందు చేసిన ప్రసంగం

అందరికీ నమస్కారం.

ట్రయల్స్ అంటే బండలు, దుంగల మీదుగా కాలు నేలకు దించకుండా మోటార్ సైకిల్ నడిపే ఆట. ట్రయల్స్ బండి చేతికొచ్చి, మొదటి క్లబ్ పోటీకి పేరు ఇవ్వాలా వద్దా అని ఊగిసలాడుతున్నవారే ఈ సభలో ఎక్కువ. కాబట్టి టోనీ బౌ లాంటి ప్రపంచ విజేతలు నిలువెత్తు బండల మీదికి ఎగిరే విద్య గురించి ఈరోజు మాట్లాడను. మార్కుల లెక్కతో మొదలుపెడతాను. బండిని ఎలా సిద్ధం చేసుకోవాలో, సాధనలో దేనికి సమయం పెట్టాలో ఆ లెక్కలోనే ఉంది.

సెక్షన్‌లో, అంటే గుర్తులతో హద్దులు పెట్టిన అడ్డంకుల దారిలో, కాలు ఒకసారి నేలకు తగిలితే 1. రెండుసార్లు తగిలితే 2. మూడుసార్లు, ఆపైన ఎన్నిసార్లు తగిలినా 3. బండి పడినా, వెనక్కి దొర్లినా, హద్దు దాటినా 5. నాన్‌స్టాప్ నిబంధనలతో నడిచే పోటీ అయితే, బండి ముందుకు కదలడం ఆగినా 5. కాలు దించకుండా బయటపడితే సున్నా, అదే క్లీన్. రోజంతా అయ్యాక ఎవరి మొత్తం తక్కువో వారే గెలిచినట్టు.

ఇందులో కొత్తవారు పట్టించుకోని చోటు ఒకటుంది. మూడో అడుగు పడ్డాక ఇంకెన్ని అడుగులు వేసినా మార్కు పెరగదు. అయినా మూడో అడుగు పడగానే చాలామంది మనసు వదిలేస్తారు, థ్రాటిల్ మూసేస్తారు, 5 తెచ్చుకుంటారు. రెండు కాళ్లతో నేలను తన్నుకుంటూ అయినా సరే, బండి కదులుతున్నంతవరకు బయటికి నెట్టుకురండి. 10 సెక్షన్లు, 4 రౌండ్ల పోటీ అంటే 40 ప్రయత్నాలు. అందులో ఎనిమిది 5లను 3లుగా మార్చినా 16 మార్కులు మిగిలినట్టే. కొత్త నైపుణ్యం ఒక్కటి కూడా నేర్చుకోకుండా వచ్చే లాభం ఇది.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. క్లీన్ మీద ఆశతో, బ్యాలెన్స్ పూర్తిగా పోయేదాకా కాలు పెగ్ మీదే, అంటే పాదం పెట్టే కడ్డీ మీదే, బిగపట్టి ఉంచకండి. బండి కొద్దిగా వాలినప్పుడు దించిన కాలు దాన్ని నిలబెడుతుంది. బాగా వాలాక దించితే 70 కిలోల బండి బరువు ఆ ఒక్క కాలి మీదే పడుతుంది, ఆ కాలూ జారుతుంది. తొందరగా ఒప్పుకున్న 1 చాలాసార్లు 5ను తప్పిస్తుంది.

కాలు ఎక్కడ దించవచ్చో ముందే తెలియాలంటే సెక్షన్‌ను నడిచి చూడాలి. ఎర్ర గుర్తు కుడివైపు, నీలం గుర్తు ఎడమవైపు ఉంటాయి. మీ క్లాస్‌కు, అంటే మీ స్థాయి రైడర్ల విభాగానికి, కేటాయించిన రంగు బాణాలు ఏ గేట్లలో (జంట గుర్తుల మధ్య దారుల్లో) ఉన్నాయో ప్రవేశం నుంచి చివరిదాకా చూసుకోండి. ముందు చక్రం ఎక్కడికి వెళ్తుందో అందరూ చూస్తారు. వెనక చక్రం ఎటు వస్తుందో కూడా చూడాలి. ఇరుకు మలుపులో అది ముందు చక్రం కన్నా లోపలి దారి పట్టి, లోపలి గుర్తును తన్నేస్తుంది. ముందు చక్రం ఇరుసు ముగింపు బోర్డు దాటితేనే సెక్షన్ ముగిసినట్టు. కష్టమైన బండ దాటేశామన్న నిశ్చింతతో చివరి మీటరులో కాలు దించేవారు ప్రతి పోటీలోనూ కనిపిస్తారు. రెండో రౌండ్‌లోనూ, మూడో రౌండ్‌లోనూ మళ్లీ నడిచి చూడండి. అప్పటికి టైర్లు మోసుకొచ్చిన బురద పొడి రాళ్లకు పూసుకుని ఉంటుంది, పొద్దున కదలని రాయి కదులుతుంటుంది.

ఇక బండి సంగతి. అన్నిటికన్నా ముందు టైర్లలో గాలి. వెనక 4 నుంచి 5 పిఎస్‌ఐ, ముందు 6 నుంచి 7. మామూలు బండ్లకు వాడే గేజ్ ఇంత తక్కువ గాలిని నమ్మకంగా చూపించదు, 15 పిఎస్‌ఐ వరకే కొలిచే గేజ్ కొనండి. గాలి ఎక్కువైతే టైరు రాయిని పట్టుకోదు, దాని మీద ఎగురుతుంది. మరీ తగ్గిస్తే అడ్డవాలు నేల మీద టైరు పక్కకు మడత పడుతుంది, రాతి అంచు రిమ్ముకు తగులుతుంది. బరువైన రైడర్లు అర పిఎస్‌ఐ పెంచుకోవచ్చు. ఒక మాట గుర్తుంచుకోండి. టైరు 15 డిగ్రీలు వేడెక్కితే గాలి దాదాపు 1 పిఎస్‌ఐ పెరుగుతుంది. కారు టైరుకు అది లెక్కలోకి రాదు, 4 పిఎస్‌ఐలో మాత్రం అది నాలుగో వంతు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొలిచి వదిలేయకుండా, ఎండెక్కాక మళ్లీ చూడండి.

తర్వాత క్లచ్. ట్రయల్స్‌లో వేగాన్ని నిర్ణయించేది థ్రాటిల్ కన్నా క్లచ్చే, అదీ ఒక్క వేలితో. రాత్రంతా నిలబెట్టిన బండిలో క్లచ్ ప్లేట్లు నూనెతో అతుక్కుని ఉంటాయి. చల్లటి ఇంజిన్‌తో గేరు వేస్తే బండి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఇంజిన్‌ను రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వండి, ఖాళీ స్థలంలో ముందు బ్రేక్ పట్టుకుని గేరు వేయండి. వేడెక్కాక కూడా లివర్ నొక్కినా బండి లాగుతూనే ఉంటే గేర్ ఆయిల్ చిక్కగా ఉందో, హైడ్రాలిక్ లైన్‌లో గాలి చేరిందో చూడాలి. లైన్‌లో పోసే ద్రవం కొన్ని బండ్లకు మినరల్ ఆయిల్, కొన్నిటికి డాట్ 4 బ్రేక్ ద్రవం. మాన్యువల్ చూడకుండా పోయకండి. తప్పుడు ద్రవం రబ్బరు సీళ్లను ఉబ్బించి పాడుచేస్తుంది. లివర్ క్లాంపులను కూడా బండి పడినప్పుడు లివర్ తిరిగేంత బిగువుతోనే ఉంచండి. బిగుసుకుపోయిన లివర్ తిరగదు, విరుగుతుంది.

టూ-స్ట్రోక్ బండి అయితే తయారీదారు చెప్పిన పాళ్లలోనే ఆయిల్ కలపండి. 80కి 1 అంటే లీటరు పెట్రోలుకు 12.5 మిల్లీలీటర్లు. మంచిదని ఎక్కువ పోస్తే, ఈ నెమ్మది నడకలో అది పూర్తిగా కాలదు. ప్లగ్ తడుస్తుంది, సైలెన్సర్‌లో జిడ్డు పేరుకుంటుంది. రేడియేటర్ ఫ్యాన్ శబ్దం మీద కూడా చెవి వేసి ఉంచండి. మనం వెళ్లే వేగంలో ఎదురుగాలి ఉండదు కాబట్టి, ఫ్యాన్ ఆగితే నీళ్లు మరగడానికి ఎక్కువసేపు పట్టదు.

చైన్‌కు ఆయిల్ వేసేటప్పుడు ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తో తిప్పండి. ఇంజిన్ నడుస్తుండగా, చక్రం తిరుగుతుండగా గుడ్డతో చైన్ తుడవబోయి వేళ్లు పోగొట్టుకున్న రైడర్లు ఉన్నారు. గుడ్డ చిక్కుకుంటే చేతిని స్ప్రాకెట్‌లోకి లాగేస్తుంది, వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. ఈ విషయంలో తొందర, మినహాయింపు రెండూ వద్దు. మీరు పడితే ఇంజిన్‌ను ఆపేసే లాన్యార్డ్ తాడు మణికట్టుకు కట్టుకోకుండా బండి ఎక్కకూడదన్నది కూడా ఇంతే గట్టి నియమం.

సాధనకు కొండలు అక్కర్లేదు. చదునైన నేల, ఒక దుంగ ఉంటే చాలు. మొదట హ్యాండిల్‌ను పూర్తిగా తిప్పి చిన్న వలయాలు వేయండి. బండిని లోపలికి వాల్చి, మీ నడుమును బయటివైపు ఉంచి, బరువంతా బయటి పెగ్ మీద వేయాలి. క్లచ్‌ను కొంచెం జారనిస్తూ, వెనక బ్రేక్‌ను తేలికగా తాకుతూ వేగం సరిచేసుకోండి. హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేక్ పట్టారంటే ముందు చక్రం లోపలికి మడుచుకుపోతుంది. రెండు వైపులా సమానంగా చేయండి. చాలామందికి కుడి మలుపు కష్టంగా ఉంటుంది, అందుకే అది మానేస్తుంటారు.

తర్వాత 30 సెంటీమీటర్ల దుంగ. నెమ్మదిగా, నిటారుగా దాని ఎదుటికి రండి. చక్రం దుంగను తాకబోయే ముందు మోకాళ్లు వంచి పెగ్గులను కిందికి నొక్కి, వెంటనే చిన్నగా థ్రాటిల్ ఇవ్వండి. ముందు చక్రం లేచి దుంగ పైఅంచును తాకాలి. అది తాకగానే థ్రాటిల్ తగ్గించి, బరువు ముందుకు తెచ్చి, కాళ్లు వదులు చేయండి. వెనక చక్రం ఆ ఊపుతోనే ఎక్కుతుంది. వెనక చక్రం దుంగను తాకేటప్పటికి థ్రాటిల్ ఇంకా తెరిచి ఉంటే చక్రం అక్కడే గిరగిరా తిరుగుతుంది, లేదా బండి నిలువుగా లేచి మీ మీదికి వస్తుంది. బరువు వెనకే ఉండిపోతే ఇంజిన్ కింది పళ్లెం దుంగ మీద కూర్చుంటుంది. కొత్తవారిలో ఈ రెండో తప్పే ఎక్కువ. మూలం భయంలో ఉంటుంది కాబట్టి, ఎత్తు పెంచే ముందు చిన్న దుంగ మీదే అది పోయేదాకా చేయండి.

ఈ ఆటలో అమెచ్యూర్‌కు దక్కే గౌరవం మోటార్ క్రీడల్లో అరుదు. 1909లో మొదలై ఇప్పుడు స్కాట్లాండ్‌లోని ఫోర్ట్ విలియం కేంద్రంగా జరిగే స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్‌లో, ఉద్యోగాలకు సెలవు పెట్టి వచ్చినవారు పేరుమోసిన విజేతలు దాటిన రాళ్లనే దాటుతారు. 1965లో సామీ మిల్లర్ అనే రైడర్ తేలికైన టూ-స్ట్రోక్ బండి అయిన 250 సీసీ బుల్టాకో మీద అక్కడ గెలవడంతో, బరువైన ఫోర్-స్ట్రోక్ బండ్ల కాలం ముగియబోతోందని తేలిపోయింది. మనం నడిపే తేలికపాటి బండ్లు ఆ వరుసలోనివే.

చివరిగా అబ్జర్వర్ల గురించి, అంటే సెక్షన్ దగ్గర నిలబడి మార్కులు వేసేవారి గురించి. ప్రతి సెక్షన్‌కూ ఒకరు రోజంతా వానలోనో ఎండలోనో నిలబడకపోతే పోటీయే జరగదు, వారిలో చాలామంది జీతం లేకుండా వచ్చినవారు. సీజన్‌కు ఒకటి రెండుసార్లయినా బండి ఇంట్లో పెట్టి ఆ పని చేయడానికి రండి. రైడర్ రెండు పాదాలూ కనిపించే చోటు చూసుకుని నిలబడండి, బండితో పాటు కదలండి. అడుగులను నోటితో పైకి లెక్కపెట్టకండి, మార్కును వేళ్లతో చూపించండి. ఒక రైడర్ కార్డుకు పంచ్ వేసి, చోటు తప్పిన గుర్తులను సరిచేశాకే తర్వాతి రైడర్‌కు చెయ్యి ఊపండి.