పని ఎక్కడ ఆగుతోంది?

(శ్రీకాకుళంలో చిన్న పరిశ్రమల నిర్వాహకుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మీ సంస్థలో పని ఎలా నడుస్తుందని అడిగితే యజమాని ఒకటి చెబుతారు, సూపర్‌వైజరు మరొకటి చెబుతారు. జీడి అంటకుండా చేతులకు నూనె రాసుకుని పిక్కలు కొట్టే మనిషి చెప్పేదానికి ఆ రెండింటితోనూ పొంతన ఉండదు. ఈ ముగ్గురి మాటలనూ ఒకే కాగితం మీదకు తెచ్చేదే ప్రాసెస్ మ్యాపింగ్, అంటే పని దశలను వరుసగా గుర్తులతో పటంగా గీయడం. ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లోనే అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘానికి ఈ పద్ధతిని వివరించారు. 1947లో ఆ సంఘం ఖరారు చేసిన గుర్తులు ఐదు: పనికి వృత్తం, తరలింపుకు బాణం, తనిఖీకి చతురస్రం, నిల్వకు తలకిందుల త్రిభుజం, ఆలస్యానికి ఇంగ్లీషు డి అక్షరం. మనవాళ్లు గీసే పటాల్లో సాధారణంగా కనిపించనిది ఆ చివరి గుర్తే. నన్నడిగితే, పటానికి విలువ తెచ్చేదీ అదే.

పలాసలోని జీడిపప్పు యూనిట్‌నే తీసుకుందాం. పిక్కలు ఎండబెట్టి, ఆవిరికి ఉడికించి, కొట్టి, పప్పును డ్రయర్‌లో ఆరబెట్టి, పొర తీసి, గ్రేడింగు చేసి ప్యాక్ చేస్తారని ఇక్కడున్నవారందరికీ కంఠతా వచ్చు. అయితే డ్రయర్ నుంచి దిగిన ట్రే, పొర తీసేవారి బల్ల మీదకు చేరేలోపు ఎంతసేపు, ఎవరి కోసం ఆగిందో ఎవరూ రాసుకోరు. వానాకాలంలో ఆ ఆగిన వేళే పప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పొర అంటుకుపోతుంది, కత్తితో గీకాల్సి వస్తుంది, పప్పు విరుగుతుంది. పౌనుకు సుమారు 320 గుండ్లు తూగే డబ్ల్యూ 320 రకంగా అమ్ముడుపోవలసిన సరుకు బద్దలుగా, ముక్కలుగా తక్కువ ధరకు పోతుంది. నష్టం గ్రేడింగు దగ్గర బయటపడుతుంది కాబట్టి చీవాట్లు పొర తీసినవారికి పడతాయి.

అందుకే పటాన్ని ఆఫీసు గదిలో కూర్చుని గీయకూడదు. ట్రే వెంట నడుస్తూ, జరగవలసింది కాక జరుగుతున్నదే, వేళలతో సహా రాసుకోవాలి. తప్పు పట్టడానికి వచ్చారని అనుమానం వస్తే ఎవరూ ఉన్నది చెప్పరు గనుక, వచ్చిన పనేమిటో ముందే చెప్పడం మంచిది. ఒక్కో విభాగానికి ఒక్కో అడ్డవరుస కేటాయిస్తే, పని చేతులు మారే చోట్లు వెంటనే కనబడతాయి. ఆలస్యం ఎక్కువగా పేరుకునేది అక్కడే.

మరో యంత్రానికి అప్పు చేసే ముందు, డ్రయర్‌లో ఒకసారి వేసే సరుకు, పొర తీసేవారు ఆ పూటకు ముగించగలిగేంతే ఉందో లేదో చూడండి. ఎక్కువైతే వాయి తగ్గించి, డ్రయర్ వేళలు మార్చి, ఒక వారం నడిపాక అవే చోట్ల మళ్లీ సమయం రాయండి. సాఫ్ట్‌వేర్ ఏది కొనాలని కొందరు అడుగుతున్నారు. ప్రస్తుతానికి గోడకు అంటించిన చార్టు, పెన్సిలు చాలు; పెన్సిలు గీత తప్పనిపిస్తే చెరిపి దిద్దడానికి పనివారు కూడా వెనకాడరు.